బ్రాగ్ పరీక్షించిన రెండు స్ఫటికాలు: నెల్లూరు నుంచి రెండు రోజులు

1912 చివర్లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లారెన్స్ బ్రాగ్ ఎక్స్ కిరణాలను ఒక అభ్రకం (మైకా) పలక మీదికి పంపాడు. అద్దం మీద పడ్డ వెలుతురులాగే అవి తిరిగొచ్చాయి. మరుసటి ఏడాది మామూలు ఉప్పు లోపల సోడియం, క్లోరిన్ ఎలా పేర్చుకుని ఉన్నాయో తేల్చాడు. 1915లో తండ్రితో కలిసి నోబెల్ అందుకునేనాటికి అతని వయసు 25. అభ్రకం, ఉప్పు రెండూ నెల్లూరు జిల్లాలోనే దొరుకుతాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివే పిల్లలున్న ఇళ్లవాళ్లు ఒక్కసారైనా చేయాల్సిన ప్రయాణం ఇది.

బస నెల్లూరు టౌన్‌లోనే పెట్టుకోండి. మైపాడు బీచ్ దగ్గర ఉంటే సముద్రం బాగుంటుంది గానీ ఊరికి పాతిక కిలోమీటర్లు తూర్పున పడతారు. అభ్రకం ఉన్న సైదాపురం నైరుతిలో, సముద్రపు నీటిని ఎండబెట్టి ఉప్పు తీసే కయ్యలున్న ఇసకపల్లి ఉత్తరాన. రెండు రోజులూ తిరుగుడే సరిపోతుంది. స్టేషన్‌కో బస్టాండుకో దగ్గర్లో గది తీసుకుంటే తెల్లారకముందే బయల్దేరొచ్చు.

ఇసకపల్లికి అల్లూరు దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. రానూపోనూ కలిపి మాట్లాడుకోండి, తిరుగు ఆటో దొరక్క ఎండలో నిలబడిపోతారు. మార్చి నుంచి మే దాకా మంచి అదను. అక్టోబరు, డిసెంబరు మధ్య వెళితే కయ్యల్లో వాన నీళ్లే కనిపిస్తాయి. మనిషికి మూడు లీటర్ల మంచినీళ్లు, నల్ల కళ్లద్దాలు, రబ్బరు చెప్పులు తప్పనిసరి. తెల్లటి ఉప్పు మీద ఎండ కళ్లను పొడుస్తుంది, గట్టిపడ్డ ఉప్పు పెచ్చు అరికాలిని కోస్తుంది.

అక్కడ చూడాల్సింది నీటి చిక్కదనం. దాన్ని కొలిచే గాజు గొట్టానికి ఫ్రెంచి రసాయనవేత్త ఆంటోయిన్ బామే పేరుంది. సముద్రపు నీరు దాదాపు 3.5 డిగ్రీల బామే. ఒక్కో కయ్య దాటేకొద్దీ నీరు చిక్కబడుతుంది. 13 దాటాక జిప్సం పేరుకోవడం మొదలవుతుంది, 25 దగ్గర ఉప్పు పడుతుంది. 29కి వచ్చాక మిగిలిన నీటిని వదిలేయాలి. వదలకపోతే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది, గాలిలో తేమ పీల్చి చెమర్చుతుంది. ఇలాంటి చేదునీటి నుంచే 1826లో ఫ్రెంచి రసాయనవేత్త బలార్ బ్రోమిన్ అనే మూలకాన్ని కనిపెట్టాడు. గొట్టంతో మీరే కొలిస్తే రెండు తప్పులు జరుగుతాయి. వేడి నీటిలో ముంచితే అంకె తక్కువ చూపిస్తుంది, వేడికి నీటి సాంద్రత తగ్గుతుంది గనక. గొట్టానికి ఉప్పు అంటుకుంటే బరువెక్కి మునిగి మళ్లీ తక్కువే చూపిస్తుంది. నీడలో చల్లారనిచ్చి, ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి కొలవండి.

గాలి లేని మధ్యాహ్నం నీటి పైన తేలే ఉప్పు పలుకుల్ని భూతద్దంతో చూడండి. నాలుగు పక్కలా మెట్లు కట్టినట్టు, నడుమ గుంటపడి, తలకిందులైన గోపురంలా ఉంటాయి. అడుగున నిదానంగా పెరిగినవి చక్కటి ఘనాలు. ఉప్పులో పక్కపక్క అయాన్ల (విద్యుదావేశమున్న సోడియం, క్లోరిన్ పరమాణువుల) మధ్య దూరం 0.282 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరు అంచున వరసగా దాదాపు 35 లక్షల అయాన్లు.

సైదాపురం రెండో రోజు పొద్దున్నే పెట్టుకోండి, పదకొండు దాటితే రాతినేల మీద నిలబడలేరు. దారి పక్క మట్టే తళుకుమంటుంది. గనిలోకి అడుగు పెట్టాలంటే యాజమాన్యాన్ని ముందుగా అడగాలి. వదిలేసిన గోతుల అంచుకు అసలు పోవద్దు, అంచులు విరిగిపడతాయి, లోపల నీళ్లుంటాయి. వృథాగా పోసిన కుప్పల్లోంచి అడిగి ఒక ముక్క తెచ్చుకుంటే చాలు. అంచున సూది మొన గుచ్చి మెల్లగా నెడితే పొర విడివడుతుంది. కత్తితో బలంగా నొక్కితే మాత్రం నలిగిపోతుంది. పొర మందం సుమారు ఒక నానోమీటరు, కాబట్టి పదో వంతు మిల్లీమీటరు రేకులో లక్ష పొరలు. పలచటి రేకు విరక్కుండా వంగుతుంది. బ్రాగ్ కూడా రేకును వంచి, తిరిగొచ్చిన కిరణాలను ఒక గీతగా కూర్చాడు. కరెంటు పారనివ్వకపోవడం, వేడికి చెడకపోవడం వల్లే పాత రేడియోల కెపాసిటర్లలో, అంటే రెండు లోహపు పలకల నడుమ విద్యుత్తును నిల్వచేసే భాగాల్లో, అభ్రకం వాడారు. కెపాసిటర్ పలకల నడుమ ఏ పదార్థం ఉందన్నదాన్ని బట్టి అది పట్టే విద్యుత్తు మారుతుందని 1837లోనే ఫారడే చూపించాడు.

ఒక రోజు మిగిలితే ఒంగోలు వెళ్లి చీమకుర్తి నల్లరాయి చూడొచ్చు. మెరుపు బాగుంటుంది, కానీ ఈ ప్రయాణానికి అది అదనమే.

తెచ్చుకున్న అభ్రకాన్ని పుస్తకం పేజీల మధ్య పెట్టండి. ఉప్పు పలుకుల్ని ఎండబెట్టి, బిగుతు మూత ఉన్న సీసాలో వేయండి. సంచిలో వేస్తే దారిలోనే చెమర్చి ముద్దవుతాయి.