నీళ్ల ఒడ్డున స్థలం కొనాలంటే కొల్లేరు వైపా, కాలవ పక్కనా?

రిటైరయ్యాక నీళ్లు కనబడేలా ఇల్లు కట్టుకోవాలని మా బావగారు స్థలం వెతుకుతుంటే నేనూ వెంట తిరిగాను. అక్టోబర్‌లో నచ్చిన స్థలాన్ని అక్టోబర్‌లోనే కొనెయ్యకండి. మే నెలలో, అందులోనూ వానలు మొహం చాటేసిన ఏడాది, ఇంకోసారి చూడండి.

ఆకివీడు దాటి కొల్లేరు వైపు వెళ్తే వానాకాలం తర్వాత కళ్లు తిప్పుకోలేం. మే నెలలో అదే చోట నల్లమట్టి చెయ్యి దూరేంత బీటలు తీసి ఉంది, బీటల్లో ఎండిన నత్తగుల్లలు. బోరింగు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. "సబ్బు నురగే రాదండీ, తాగడానికి డబ్బా నీళ్లే" అంది అక్కడి ఒక ఇంటావిడ. బుడమేరు, తమ్మిలేరు వాగుల నుంచి నీళ్లు రాకపోతే సరస్సు మట్టం దిగిపోతుంది, అప్పుడు కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు వెంట సముద్రపు నీరు పైకి ఎక్కుతుంది.

మరి కరువొస్తే రేటు పడిపోవాలి కదా? అక్కడ రేటు నడిపేది చేపల చెరువుల లీజు. నీళ్లు తగ్గితే చేపల చెరువుకి డీజిల్ ఖర్చు పెరిగి లీజుకి ముందుకొచ్చేవాళ్లు తగ్గుతారు, అయినా అమ్మేవాళ్లు చెప్పిన రేటు దిగరు, బయానా తక్కువ తీసుకుని గడువు ఎక్కువిస్తారు అంతే. నీళ్లు ఉప్పు తిరిగినచోట వనామీ రొయ్య వేసేవాళ్లొస్తే రేటు నిలబడనూవచ్చు, కానీ పక్కనున్న వరిచేనూ బావీ పాడవుతాయి. ఇల్లు కట్టుకునేవాడికి ఆ రేటుతో ఏం పని?

పైగా 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టిన సంగతి ఆ ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. జిరాయితీ, అంటే సొంత భూమి, పట్టా ఉందన్నంత మాత్రాన ధీమా పడకండి, కాంటూరు లోపలుంటే ఇల్లు కట్టుకునే ఆశ పెట్టుకోవద్దు.

గోదావరి కాలవ పక్క స్థలం సెంటు లెక్కన చూస్తే ఖరీదే. ఎండాకాలం కాలవలకి నీళ్లు కట్టేస్తారు, ఆ రోజుల్లో ఇంటి ముందు కనిపించేది బురద, ప్లాస్టిక్కు. గోదావరిలో నీళ్లు తగ్గిన ఏడాది దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నీళ్లు వంతులవారీగా వదులుతారు, పైనున్న సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూడాలి. కానీ కట్టేసేముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుతారు, అందుకే కరువు ఏడాదిలోనూ కొనేవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఒక్కటి చూసుకోవాలి, గట్టుకీ మీ హద్దుకీ మధ్య ఉన్నది కాలవ పోరంబోకు, అంటే సర్కారు భూమి, దాన్ని కూడా కలిపి అమ్మజూపితే సర్వేయర్‌ని పిలవండి.

గోదావరి ఏటిగట్టు లోపల లంక వైపు స్థలం చవగ్గా వస్తుంది, వరదొస్తే మునిగేది అదే కాబట్టి నేనైతే వద్దంటాను. 1986లో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది.

పెట్టుబడికైతే కాంటూరు బయట, పట్టా ఉన్న చెరువు ఆలోచించవచ్చు. కాపురానికి మాత్రం నా ఓటు కాలవకే, అదీ గట్టుని ఆనుకుని కాకుండా రెండో వరసలో. బావగారు అలాంటిదే చూసి బయానా ఇచ్చారు. ఇచ్చేముందు పక్కింటి బోరు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించారు.