పూత బాగానే ఉంది, గొట్టమే లేదు

మా రొయ్యల గుంటలు నెల్లూరు తీరాన మైపాడు దగ్గర. ఇక్కడి ఉప్పుగాలికి మామూలు ఇనుమే నిలవదు. ఇక కాలుతూ చల్లారుతూ ఉండే జనరేటర్ పొగగొట్టం సంగతి చెప్పాలా? వెండి రంగు వేయిస్తే ఆరు నెలలకు పొక్కులు లేచింది. జింకు పూసిన గొట్టం ఇంకా దండగ. లోడు మీద పొగ 450 డిగ్రీలు దాటుతుంది, జింకేమో 419కే కరుగుతుంది.

చివరికి 2021లో చెన్నై తీసుకెళ్లి, అల్యూమినియం తీగను కరిగించి తుంపరగా చిమ్మే పూత వేయించాను. పొర పావు మిల్లీమీటరు ఉంటుందేమో, తడిమితే గరుకు కాగితంలా తగులుతుంది. రెండు వానాకాలాలు గడిచినా తుప్పు మచ్చ లేదు. నా నోరు ఊరుకుంటుందా? టీకొట్టు దగ్గర కనబడ్డ ప్రతి రైతుకూ ‘పదేళ్లు చూడక్కర్లేదు’ అని చెప్పాను.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. కరెంటు పోయింది. గుంట నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి వనామీ రొయ్య చచ్చి తేలిపోతుంది. రాత్రి పదకొండుకు కాపలా కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. “అన్నా, ఇంజను గొంతు మారింది, షెడ్డంతా పొగ!” టార్చి వేస్తే గొట్టం మిలమిల మెరుస్తోంది. వంపు అడుగున పానాతో తట్టాను. పానా లోపలికి దిగిపోయింది! ఇనుము ఎప్పుడో పోయింది, పూత మాత్రం గుడ్డు పెంకులా నిలబడి ఉంది. నూనె డబ్బా రేకు చుట్టి, తీగతో బిగించి ఆ రాత్రి గట్టెక్కాం.

పూత పడింది బయటే. ఆ సన్నటి వంపు లోపలికి తుంపర వెళ్లదు. వారానికోసారి లోడు లేకుండా పది నిమిషాలు తిప్పి ఆపేవాణ్ణి. పొగలోని ఆవిరి చల్లటి గొట్టంలో చెమటలా పట్టి, మసితో కలిసి వంపులో నిలిచేది. రంగే ఉండి ఉంటే తుప్పు బయటికి కనబడి ముందే మార్చేవాణ్ణేమో.

కొత్త గొట్టానికీ అదే పూత వేయించాను. రోజూ గంటల తరబడి లోడు మీద నడిపేవారికి లోపల తడి నిలవదు, వారికి నా బాధ ఉండకపోవచ్చు. సముద్రానికి దూరంగా ఉన్నవారికి ఇంత ఖర్చు అవసరమా అన్నది నేను చెప్పలేను. నేనైతే ఇప్పుడు ఏరేటర్లు వేసి అరగంట తిప్పుతున్నాను, వంపు అడుగున నీళ్లు దిగే బిరడా పెట్టించాను. టీకొట్టు దగ్గర ఎవరైనా అడిగితే మాత్రం, ముందు పానా తెచ్చుకోమంటున్నాను.