పర్లాకిమిడిలో కోహాతో తొమ్మిదేళ్లు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా కాలేజీ లైబ్రరీ పనులు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ పెట్టి తొమ్మిదేళ్లయింది. కొనాలంటే ఎంతవుతుందని అడుగుతుంటారు. కొనే పని లేదు, ఉచితం. న్యూజిలాండ్‌లోని ఓ లైబ్రరీ కోసం తయారై, 2000 జనవరిలో వాడుకలోకి వచ్చింది. కోహా అంటే మావోరీ భాషలో కానుక. కానుక సరే, కోహా నడవడానికి కావాల్సిన లైనక్స్ తెలిసిన మనిషి మాత్రం ఉచితంగా దొరకడు.

పుస్తకాలివ్వడం, తీసుకోవడం, ఫైన్లు, అన్నీ బాగున్నాయి. వాటి గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

బాధంతా తెలుగుతోనే. పాత జాబితాను ఎప్పుడో డీటీపీలో అను ఫాంట్లతో కొట్టించారు. కోహాలోకి ఎక్కిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. ఏ కంప్యూటరైనా తెలుగుగా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి ఒత్తులు సరిచూసేసరికి ఓ వేసవి సెలవులు పోయాయి. అంతా అయ్యాక వెతికితే సున్నా ఫలితాలు! పుస్తకం కళ్లెదురుగా ఉంది, వెతుకులాటలో లేదు. కోహా లోపల వెతికిపెట్టే జీబ్రా అనే భాగాన్ని, యూనికోడ్ అక్షరాలను సరిగా పోల్చుకునే ఐసీయూ పద్ధతికి మార్చి, ఇండెక్సు మొత్తం మళ్లీ కట్టిస్తే గానీ తెలుగు సరిగా దొరకలేదు.

ఆ తర్వాత ఓ రిటైర్డ్ మాస్టారు వచ్చి గిడుగు వారి పుస్తకాలు కావాలన్నారు. తెర మీద ఒక్కటే కనిపించింది. "ఏటి బాబూ, గిడుగు వారు ఈ ఊళ్లోనే లేరంటుందా మీ కంప్యూటరు?" అన్నారు. తల కొట్టేసినట్టయింది. గిడుగు వారు ఇక్కడే పాఠాలు చెప్పారు, ఇక్కడే సవర భాష నేర్చుకున్నారు. చూస్తే ఒక పుస్తకం మీద గిడుగు రామమూర్తి, ఇంకోదాని మీద వేంకట రామమూర్తి పంతులు, ఇంగ్లిష్ దాని మీద జి.వి. రామమూర్తి. మన పేర్లలో ఇంటిపేరు ముందే ఉంటుంది. మా టైపిస్టు "చివరి మాట ముందుకు" అన్న ఇంగ్లిష్ సూత్రం పట్టుకుని "రామమూర్తి, గిడుగు" అని కూడా కొట్టాడు. మెషీన్‌కు నలుగురు మనుషులు. దీనికి మందు అథారిటీ రికార్డు: ఒక పేరును అసలుగా పెట్టి, మిగతావి దాని కింద చేర్చాలి. ఆ చేర్చిన పేర్లతోనూ పుస్తకాలు దొరకాలంటే సెట్టింగుల్లో ఇంకో మీట నొక్కాలి. ఆ సంగతి నాకు ఆరేళ్లకు తెలిసింది.

నేను బి.లిబ్. (లైబ్రరీ డిగ్రీ) చదివినప్పుడు 245 అంటే శీర్షిక, 100 అంటే రచయిత అని, పుస్తకం వివరాలకు వాడే మార్క్ ట్యాగులు కాగితం మీదే బట్టీ పట్టాం. బ్యాకప్ అన్న మాట క్లాసులో విన్న గుర్తు లేదు. కోహా రోజూ తనంతట తానే బ్యాకప్ తీసుకుంటుంది, నిజమే. కానీ మామూలుగా అదే డిస్కులో పెడుతుంది. ఓ వర్షాకాలం కరెంటు పోతూ వస్తూ డిస్కు పోయింది, దాంతోపాటు బ్యాకప్పూ పోయింది. వేరే చోట ఉన్న కాపీ నలభై రోజుల పాతది. మధ్యలో వచ్చిన పుస్తకాలను వచ్చిన పుస్తకాలను వరుసగా రాసుకునే కాగితం అక్సెషన్ రిజిస్టర్ చూసి మళ్లీ ఎక్కించాం. ఆ రిజిస్టర్ ఇంకెందుకని అంతకుముందు నెలే నేను వాదించాను.

వెయ్యి పుస్తకాల్లోపు బడి లైబ్రరీ అయితే దీని జోలికి పోకండి, ఎక్సెల్ చాలు. మేం మాత్రం వదలం. మొన్న గిడుగు వారి రికార్డులో పేరు ఒడియా లిపిలోనూ చేర్చాను. ఒడియా పిల్లాడొకడు తన లిపిలోనే కొట్టి, సవర పుస్తకం తీసుకెళ్లాడు.