గోల్ఫ్ జీటీఐకి చలికాలపు టైర్లు: 18 నుంచి 17 అంగుళాలకి దిగాక నా అనుభవం

అమెరికాలోని మిన్నెసోటాలో స్పోర్టీ కారు నడిపేవాళ్లు ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది ఒకటే. చలికాలానికి విడిగా నాలుగు చక్రాలు కొనుక్కోండి. మీ బ్రేకులకి తగలకుండా పట్టే సైజుల్లో అన్నిటికన్నా చిన్నది తీసుకోండి. నాది ఏడో తరం ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ, పెద్ద బ్రేకులు వచ్చే పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్నది. వేసవిలో 18 అంగుళాల చక్రాలు, 225/40 ఆర్18 సమ్మర్ టైర్లు (225 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 40 అంటే అందులో ఎంత శాతం గోడ ఎత్తో, 18 అంటే అంగుళాల్లో చక్రం వ్యాసం). చలికాలమంతా 17 అంగుళాల చక్రాల మీద 225/45 ఆర్17 సైజు మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో టైర్లు. ఈ ఏర్పాటుతో నాలుగైదు చలికాలాలు గడిచాయి కాబట్టి కాస్త ధీమాగానే రాస్తున్నాను.

కొత్తగా ఇక్కడికి వచ్చిన మనవాళ్లు ఎక్కువగా అడిగేది "ఆల్ సీజన్ టైర్లు చాలవా అన్నా?" అని. ఊళ్లోనే ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి, మంచు పడిన రోజు ఇంటి నుంచి పని చేసుకునే వీలున్నవాళ్లకి చాలా రోజులు గడిచిపోతాయి. ఇక్కడ మంచు తోసే ప్లౌ బండ్లు త్వరగానే వస్తాయి, ఉప్పు బాగా చల్లుతారు. కానీ 15 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మైనస్ 9 సెల్సియస్ కిందకి దిగితే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు. జనవరిలో అలాంటి రోజులు వరసగా వస్తాయి. అప్పుడు సిగ్నళ్ల దగ్గర కార్ల పొగలోని తేమ రోడ్డు మీద గడ్డకట్టి, చక్రాల కింద నలిగి అద్దంలా తయారవుతుంది. మంచు పడి వారమైనా ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. మిన్నెసోటాలో ఉండేవాళ్లు మేకుల టైర్లు వాడటానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి ఆ ఐసు మీద పట్టు దొరకాలంటే టైరు రబ్బరు మెత్తగా ఉండటం ఒక్కటే దారి.

సమ్మర్ టైర్ల గురించి చర్చే అక్కర్లేదు. 7 డిగ్రీల సెల్సియస్ కిందకి వెళ్లేకొద్దీ వాటి రబ్బరు గట్టిపడుతుంది. బాగా చలిలో నడిపితే పైపొర పగిలే ప్రమాదం ఉందని తయారుచేసినవాళ్లే హెచ్చరిస్తారు.

టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు చూసి నిశ్చింతగా ఉండకండి. ఆ గుర్తుకి పెట్టే పరీక్ష గట్టిపడిన మంచు మీద కారు ఎంత పట్టుతో ముందుకి కదులుతుందన్నదే. ఐసు మీద ఎంత దూరంలో ఆగుతుందన్నది అందులో లేదు. ఈ గుర్తు ఉన్న టైర్లలోనే రెండు జాతులున్నాయి. ఒకటి యూరప్ ఆల్ప్స్ వైపు హైవేల కోసం చేసిన పర్ఫార్మెన్స్ వింటర్ రకం: స్టీరింగ్ కచ్చితంగా ఉంటుంది, తడి రోడ్డు మీద బాగా ఆగుతుంది, ఐసు మీద మాత్రం అంతంతమాత్రం. రెండోది ఎక్స్-ఐస్, బ్లిజాక్ డబ్ల్యూఎస్, హక్కపెలీట్టా ఆర్ లాంటి నార్డిక్ రకం: ఐసు మీద పట్టు కోసం మెత్తటి రబ్బరుతో చేసింది. స్పోర్టీ కారు ఉన్నవాళ్లకి మనసు మొదటిదాని మీదకే పోతుంది. షికాగోకి దక్షిణంగా ఉండి ఉంటే నేనూ అదే తీసుకునేవాణ్ణి. ఇక్కడ మాత్రం నార్డిక్ రకమే సరి.

సైజు విషయానికి వద్దాం, ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే. పర్ఫార్మెన్స్ ప్యాకేజీలో ముందు బ్రేకు డిస్కు 340 మిల్లీమీటర్లు, దాని మీదుగా 16 అంగుళాల చక్రం పట్టదు. 312 మిల్లీమీటర్ల డిస్కు ఉన్న మామూలు జీటీఐకి 16 అంగుళాల చక్రాలు చాలావరకు పడతాయి. అయినా చక్రం చువ్వల లోపలి వంపుని బట్టి కాలిపర్‌కి (డిస్కుని పట్టి నొక్కే బ్రేకు భాగానికి) తగలొచ్చు, కొనేముందు ఒకటి బిగించి తిప్పి చూడాల్సిందే. టైరు మొత్తం వ్యాసం లెక్కేస్తే 225/40 ఆర్18 సుమారు 637 మిల్లీమీటర్లు, 225/45 ఆర్17 సుమారు 634, 205/55 ఆర్16 సుమారు 632. తేడా ఒక శాతం లోపే. స్పీడోమీటరు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఏమాత్రం ఇబ్బంది పడవు. మారేదల్లా టైరు గోడ ఎత్తు: 18లో 90 మిల్లీమీటర్లు, 17లో 101. ఆ 11 మిల్లీమీటర్ల విలువ మార్చి నెలలో తెలుస్తుంది. కరిగిన నీరు రాత్రికి గడ్డకట్టి రోడ్డుని పగలగొట్టాక గుంతలు ఎక్కడికక్కడ తేలతాయి, పైన బురద నీళ్లు నిండి కనిపించవు. అలాంటివాటిలో నా చక్రాలు ఎన్నిసార్లు పడ్డాయో లెక్కలేదు, ఒక్కటీ వంగలేదు. పైగా 17 టైర్లు 18 కన్నా చవక.

చక్రం కొనేటప్పుడు బోల్టుల సంఖ్య (5), అవి ఉండే వలయం వ్యాసం (112 మిల్లీమీటర్లు) చూసి ఆగిపోవద్దు. ఆఫ్‌సెట్, అంటే చక్రం వెడల్పు మధ్య నుంచి అది కారుకి ఆనే ముఖం దాకా దూరం, 50 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉండాలి. మధ్య రంధ్రం 57.1 మిల్లీమీటర్లు. బయటి కంపెనీల చక్రాలకి ఆ రంధ్రం పెద్దది ఉంటే రింగులు వేస్తారు, ప్లాస్టిక్‌వే అడగండి. అల్యూమినియం రింగులు ఉప్పుకి పొక్కి హబ్‌కి (చక్రం బిగించే కారు భాగానికి) అతుక్కుపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం బోల్టు తల కింది ఆకారం. ఫోక్స్‌వాగన్ సొంత చక్రాలకి గుండ్రటి అడుగున్న బోల్టులు కావాలి, బయటి చక్రాల్లో ఎక్కువ వాటికి శంకువు ఆకారం కావాలి. ఒకదాని బోల్టులు ఇంకోదానికి బిగిస్తే పైకి బాగానే బిగిసినట్టు ఉంటుంది కానీ ఆనాల్సిన చోట ఆనదు, నడిచేకొద్దీ వదులవుతుంది. ఒక టైర్ల షాపులో వేసవి బోల్టులతోనే చలికాలపు చక్రాలు బిగించబోతుంటే నేనే ఆపాను. అప్పట్నుంచి రెండు సెట్ల బోల్టులూ విడివిడి డబ్బాల్లో, పేర్లు రాసి పెట్టుకుంటున్నాను. బిగింపు 120 న్యూటన్ మీటర్లు, 50 మైళ్లు నడిపాక మళ్లీ ఒకసారి చూడాలి. విప్పినప్పుడల్లా హబ్ మీది తుప్పుని వైర్ బ్రష్‌తో గీకేస్తే మళ్లీసారి చక్రం మొరాయించదు.

ఈ కారు టైరు గాలి తగ్గడాన్ని చక్రాల వేగం చూసే ఏబీఎస్ సెన్సర్ల ద్వారా కనిపెడుతుంది కాబట్టి చక్రాల్లో వేరే సెన్సర్లు కొనే పని లేదు, మార్చాక మెనూలో సెట్ నొక్కితే చాలు. కానీ 10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గినప్పుడల్లా టైరు గాలి ఒత్తిడిలో సుమారు ఒక పీఎస్ఐ పోతుంది. మొదటి గట్టి చలి రాగానే గాలి చూసుకోండి.

నడిపితే ఎలా ఉంటుందంటే, పొడి రోడ్డు మీద జీటీఐలోని చురుకు కొంత పోతుంది. నార్డిక్ రకం టైర్లన్నిటికీ ఉన్న గుణమే ఇది: స్టీరింగ్ తిప్పాక కారు ఒక్క క్షణం ఆలోచించి తిరుగుతుంది. ఏప్రిల్‌లో ఎండ కాసే రోజున బ్రేకు దూరం పెరిగినట్టు స్పష్టంగా తెలుస్తుంది. దానికి బదులుగా దొరికేది డులూత్‌లోకి దిగే థాంప్సన్ హిల్ మీద అర్థమైంది. హైవే 35 కొండ అంచు నుంచి సుపీరియర్ సరస్సు వైపు వాలుగా దిగే చోటు అది. మంచు గాలిలో ముందు వాహనాలన్నీ బ్రేకులు వేస్తుంటే నా కారు ఏబీఎస్ పెద్దగా గిలగిల్లాడకుండానే గీత పట్టుకుని ఆగింది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు అని నన్ను జాలిగా చూసే ఆల్ వీల్ డ్రైవ్ మిత్రులకి నేను చెప్పేది ఇదే: బయల్దేరడానికి నాలుగు చక్రాలకి శక్తి అందడం మంచిదే, ఆగడానికి మాత్రం దానివల్ల ఉపయోగం లేదు. లోతు మంచులోంచి బయటికి రావాలంటే ట్రాక్షన్ కంట్రోల్ తాత్కాలికంగా ఆపి, చిన్నగా ముందుకీ వెనక్కీ ఊపితే ఇంతవరకు ఎక్కడా ఇరుక్కుపోలేదు. నాలుగు టైర్లూ ఒకే రకం ఉండాలి సుమా. ముందు రెండే మార్చితే మలుపులో వెనక భాగం జారి కారు గిర్రున తిరుగుతుంది.

ఈ టైరు ఒకే దిశలో తిరిగేలా చేసింది కాబట్టి ఏ పక్కది ఆ పక్కనే ముందూ వెనకా మార్చుకోవాలి. ముందువి త్వరగా అరుగుతాయి, అందుకే ఏటా మార్చి బిగిస్తున్నాను. ఇప్పుడు నాలుగింటికీ గాడి లోతు 6/32 అంగుళం దగ్గరికి వచ్చింది. నడపడానికి చట్టం ఒప్పుకున్నా, ఆ లోతు దాటాక మంచులో పట్టు పడిపోతుంది కాబట్టి వచ్చే చలికాలానికి కొత్తవి వేస్తాను. చక్రాలు అవే, టైరు రకమూ అదే. ఈసారి 205/50 ఆర్17 దొరుకుతుందేమో చూడాలని ఉంది. దాని వ్యాసం అసలు 18 అంగుళాల టైరుతో దాదాపు సమానం, వెడల్పు తక్కువ కాబట్టి కరుగు మంచుని ఇంకా బాగా కోసుకుంటూ వెళ్తుంది. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే సూచిక (లోడ్ ఇండెక్స్) 92కి తగ్గకుండా దొరికితేనే తీసుకుంటాను, లేకపోతే మళ్లీ 225/45.