ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్: సంప్రదాయాల లెక్కలో ఏది మేలు?

డిఫెన్స్‌లో చేరదామనుకునే కుర్రాళ్లు ఏది మేలు అని అడిగితే చాలామంది జీతం, పోస్టింగులు, క్యాంటీన్ దగ్గరే ఆగిపోతారు. అవీ చూసుకోవాల్సిందే. కానీ యూనిఫాం వేసుకున్నాక పొద్దున లేచినప్పటి నుంచి మిమ్మల్ని నడిపించేది ఆ దళంలో ఎప్పటినుంచో పాతుకుపోయిన అలవాట్లు, వాటి వెనకున్న చరిత్ర. ఆ లెక్కలో మూడింటినీ పక్కపక్కన పెడితే నా మొగ్గు నేవీ వైపు. ఎందుకో చెప్తాను, ఒప్పుకోకపోయినా పర్లేదు.

ఆర్మీతో మొదలుపెడదాం. జనవరి 15న ఆర్మీ డే చేస్తారు, 1949లో ఆ రోజున కరియప్ప మొదటి భారతీయ సైన్యాధిపతిగా బ్రిటిష్ జనరల్ బుచర్ నుంచి పగ్గాలు తీసుకున్నారు కాబట్టి. కానీ జవానుకి గుండె ఉప్పొంగేది ఆ తేదీకి కాదు, తన పల్టన్, అంటే తన పటాలం పేరు వింటే. మద్రాస్ రెజిమెంట్ తన పుట్టుకని 1758 నుంచి లెక్కపెట్టుకుంటుంది, "వీర మద్రాసి, అడి కొల్లు" అని అరుస్తూ దాడికి దూకుతుంది. గూర్ఖాలది "జై మహాకాళి, ఆయో గోర్ఖాలీ". ఆఫీసరు ఏ మతం వాడైనా తన జవాన్లు గుడికెళితే గుడికి, గురుద్వారాకెళితే గురుద్వారాకి వెళ్తాడు, బడా ఖానా రోజున అందరూ కలిసి తింటారు. అరుణాచల్‌లో జస్వంత్‌గఢ్ అని ఉంది, 1962లో చైనా వాళ్లని ఆపుతూ చనిపోయిన గఢ్వాల్ రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్ పేరు మీద. అక్కడ ఆయనకి ఇప్పటికీ పక్క వేస్తారు, టీ పెడతారు. ఇంత లోతు మిగతా రెండు దళాల్లో కనపడదు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లు ఆ చలిలో ఓ రాత్రి కాపలా కాసి వచ్చి మాట్లాడితే బాగుంటుంది.

అయితే ఈ లోతులోనే ఒక పేచీ ఉంది. మద్రాస్ రెజిమెంట్ గుర్తులో కనిపించే ఏనుగు 1803 అస్సాయే యుద్ధానిది. ఆ యుద్ధంలో మనవాళ్లు ఈస్టిండియా కంపెనీ తరఫున కొట్టింది మరాఠాలనే. సాటి భారతీయుల మీద గెలిచిన యుద్ధాల పేర్లతో ఇప్పుడు సంబరాలు చేయరు గానీ, ఏనుగు మాత్రం అలాగే ఉంది. అంతకన్నా మనకి తగిలేది ఇంకొకటి. పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలే యుద్ధానికి పనికొచ్చే జాతులని 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ వాళ్లు తేల్చేసి దక్షిణాది పటాలాలని కోసుకుంటూ పోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక మళ్లీ మద్రాస్ రెజిమెంట్‌ని లేపారు. 1949లో మొదలైన గార్డ్స్ లాంటి అన్ని ప్రాంతాల వాళ్లూ కలిసే రెజిమెంట్లు ఉన్నా, ప్రాంతం, కులం పేర్లతో నడిచే పల్టన్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. (ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్స్ అనే గుర్రపు దళానిది. అక్కడ ఫొటో దిగే మనవాళ్లలో ఎంతమందికి తెలుసో!)

నేవీ కథ వేరు. 1612లో సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ ఓడలతో మొదలై, పేర్లు మార్చుకుంటూ 1934లో రాయల్ ఇండియన్ నేవీ అయింది. మనవాడు అధిపతి కావడంలో ఇదే అందరికన్నా వెనక: ఆర్మీకి 1949, ఎయిర్‌ఫోర్స్‌కి 1954, నేవీకి 1958లో రామ్‌దాస్ కటారి. జెండాలో ఇంగ్లండ్ గుర్తైన సెయింట్ జార్జ్ శిలువ 2001లో పోయి, 2004లో తిరిగొచ్చి, చివరికి 2022లో గానీ పూర్తిగా దిగలేదు. ఇన్ని వెనకబాట్లున్నా, 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో తిండి బాగాలేదని, తెల్ల ఆఫీసర్ల తిట్లు పడలేమని మొదలుపెట్టి తిరుగుబాటు జెండా ఎగరేసి కరాచీ దాకా పాకించింది ఈ నావికులే. పైవాళ్లు ఆలస్యంగా మారారు, కిందివాళ్లు ముందే తెగించారు. నాకు నేవీ నచ్చడానికి మొదటి కారణం ఇదే.

రెండోది, ఓడలో ప్రాంతాల వారీ పల్టన్ ఉండదు. శ్రీకాకుళం కుర్రాడు, కేరళ కుర్రాడు, బీహార్ కుర్రాడు ఒకే మెస్‌లో తింటారు. కొత్త ఓడని నీళ్లలోకి దింపేటప్పుడు అథర్వవేద మంత్రాలు చదువుతారు, ఆ పని ఒక స్త్రీ చేతుల మీదుగా జరుగుతుంది. రిటైరైన ఓడ పేరు కొత్త ఓడకి పెడతారు, విక్రాంత్ అలాగే 2022లో మళ్లీ వచ్చింది. అనుమతి తీసుకుంటే గడ్డం కూడా పెంచుకోవచ్చు, ఇది చిన్న విషయమేం కాదు! డిసెంబర్ 4 నేవీ డే, 1971లో మిసైల్ బోట్లతో కరాచీ రేవుని తగలబెట్టిన రోజు. దానికి ముందు రాత్రే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ దగ్గర మునిగింది. మన దాడి వల్లా, దాని లోపలి పేలుడు వల్లా అన్న వాదన ఇంకా తెగలేదు. ఆర్కే బీచ్‌లో ఆ విజయానికి స్మారకం, కురుసుర సబ్‌మెరైన్ రెండూ ఉన్నాయి, బస్సెక్కి వెళ్లి చూడొచ్చు.

ఎయిర్‌ఫోర్స్ వయసులో అన్నిటికన్నా చిన్నది. 1932 అక్టోబర్ 8న పుట్టింది, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కరాచీలో నాలుగు వాపిటి విమానాలతో ఒకటో స్క్వాడ్రన్ (విమానాల దళం) మొదలైంది. ఇక్కడ అభిమానం స్క్వాడ్రన్ నంబరు మీద, విమానం మీద. 2025 సెప్టెంబర్‌లో చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు పలికినప్పుడు ఆ విమానం మీద పాత పైలట్లకున్న ప్రేమ చూస్తే అది తెలిసింది. దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పరేడ్ కూడా చక్కగా ఉంటుంది. కానీ పద్ధతులు చాలావరకు రాయల్ ఎయిర్‌ఫోర్స్ నుంచి తెచ్చుకున్నవే, వాటికి వయసు రావాలి. ఇప్పటిదాకా ఇచ్చిన 21 పరమవీర చక్రల్లో ఒక్కటే వీళ్లది, నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్‌ది. నేవీకి అసలు లేదు, మిగతావన్నీ ఆర్మీవే. దీన్ని బట్టి ఎవరు ధైర్యవంతులో తేల్చకండి, నేల మీద ఎదురెదురు పోరాటాలు ఎక్కువ, అంతే.

కాబట్టి లోతు కావాలంటే ఆర్మీలో ఇన్‌ఫాంట్రీ, పాత బరువు లేకుండా కొత్త యంత్రాలతో బతకాలంటే ఎయిర్‌ఫోర్స్, ఊరూ పేరూ అడగని సంప్రదాయం కావాలంటే నేవీ. కాకపోతే లాంచీ ఎక్కగానే కడుపులో తిప్పేవాళ్లకి ఈ లెక్కలేవీ పనికిరావు, వాళ్లు ఫారంలో మొదటి ప్రిఫరెన్స్ ఆర్మీ పెట్టేసుకోండి.