ఏడు ప్రశ్నలు అడిగిన టార్చి, ఐదేళ్ల తరువాత

ఈ టార్చి కొనడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ధర చూసి తటపటాయించడం వల్ల కాదు. ఎల్ఈడీ ఏది, వెలుగు ఎంత పసుపుగా ఉండాలి, ముందు ఏ లెన్సు, లోపల ఏ డ్రైవరు సర్క్యూటు, ఒంటికి ఏ లోహం, బటన్ కింద చిన్న దీపం ఉండాలా వద్దా, బ్యాటరీ గొట్టం పొడుగుదా పొట్టిదా అని, కోరినట్టు కట్టిచ్చే తయారీదారు ఏడు ప్రశ్నలు అడిగాడు. ఏడింటికీ జవాబు నాకు తెలుసనుకున్నాను. ఐదేళ్లు దాదాపు రోజూ వాడాక లెక్క చూసుకుంటే నాలుగు సరిగ్గా చెప్పాను, రెండు తప్పాను, ఒకటి ఎలా చెప్పినా ఒకటే.

ముందు సరిగ్గా చెప్పినవాటి సంగతి. మామూలు టార్చి పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ల్యూమెన్ల సంఖ్య. కాంతిని మనిషి కంటి స్పందన ప్రకారం తూచిన కొలత అది. పగటి చూపులో మన కన్ను అన్నిటికంటే ఎక్కువగా స్పందించేది 555 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ వైపు. కాబట్టి అదే బ్యాటరీతో పెద్ద అంకె చూపించాలంటే చల్లని తెలుపు, కాస్త ఆకుపచ్చకు తిరిగిన ఎల్ఈడీ వేస్తే పని సులువు. ఎరుపును నిజంగా ఎరుపుగా చూపించే ఎల్ఈడీ వేస్తే అంకె తగ్గుతుంది. పెట్టెలు పక్కపక్కన పెట్టి అమ్మే చోట అంకె తగ్గించుకోవడానికి ఎవరు ముందుకు వస్తారు? అందుకే ఇంతకాలం 6500 కెల్విన్ల (వెలుగు రంగును చెప్పే ఈ అంకె పెరిగేకొద్దీ నీలం వైపు జరుగుతుంది) నీలితెలుపు వెలుగే మన నెత్తిన రుద్దారు.

నేను ఎంచుకున్నది నిచియా అనే జపాను కంపెనీ ఎల్ఈడీ, 4500 కెల్విన్లు. రంగులను ఎంత నిజాయితీగా చూపిస్తుందో చెప్పే సూచిక, అంటే సీఆర్‌ఐ, దీనికి 90 పైన ఉంటుంది. మామూలు టార్చీల్లో 70 దగ్గర ఉంటుంది. కాగితం మీద ఇది నాకు పెద్దగా అర్థం కాలేదు. స్విచ్చిబోర్డు విప్పిన రోజు అర్థమైంది. మెయిన్ ఆపేశాక మిగిలిన వెలుతురు టార్చిదే కదా. పాత టార్చి కింద ఎర్ర తీగ, గోధుమరంగు తీగ రెండూ ఒకే మట్టిరంగులో కనిపించేవి. దీని కింద వేటికవి విడిగా తేలాయి. పిల్లవాడి గొంతు ఎర్రబడిందా లేదా చూడాల్సి వచ్చినప్పుడు కూడా ఇదే చేతికి వస్తుంది. ఇలాంటి ఎల్ఈడీని అడిగి వేయించుకునే వీలు అప్పట్లో ఎక్కువమంది తయారీదారులు ఇవ్వలేదు. కోరి కట్టించుకునే పద్ధతికి నా మొదటి ఓటు ఇందుకే.

అయితే ఆ ఎల్ఈడీ నాకు తిన్నగా రాలేదు. పార్సిల్ విప్పి తెల్లగోడ మీద వేస్తే వెలుగు నీలంగా ఉంది. ఇంట్లో ఉన్న పాత 4000 కెల్విన్ల టార్చి పక్కన పెట్టి, ఫోన్ కెమెరాలో వైట్ బ్యాలెన్సు మారకుండా కట్టేసి ఫొటో తీసి పంపాను. పొరపాటున వేరే ఎల్ఈడీలున్న పలక బిగించారు. ‘మీరు కోరినట్టు కట్టిన వస్తువు వాపసు తీసుకోము’ అన్నది మొదటి జవాబు. నేను కోరినట్టు కట్టలేదనేదే కదా నా గొడవ! నాలుగు ఉత్తరాల తరువాత సరైన ఎల్ఈడీ పలకను విడిగా పంపించి, మీరే మార్చుకోగలరా అని అడిగారు.

మార్చుకోగలిగాను. ఎందుకంటే టార్చి తల జిగురుతో అతికించి లేదు. ముందు వలయాన్ని మర తిప్పి తీసి, గాజు తీసి, లెన్సు పైకెత్తితే కింద రాగిపలక మీద నాలుగు ఎల్ఈడీలు, రెండు తీగలు. తీగలు ఊడదీయడమే కష్టమైంది. రాగి వేడిని చటుక్కున పీల్చేస్తుంది, చిన్న సోల్డరింగ్ ఐరన్ దాని ముందు నిలవదు. పెద్దది అరువు తెచ్చుకుని, పలక కింద థర్మల్ పేస్టు పూసి, అరగంటలో ముగించాను. అప్పుడు కోపంగా చేసిన పనే అయినా, ఈ ఐదేళ్లలో నాకు బాగా అక్కరకొచ్చిన పాఠం అదే.

తప్పిన వాటిలో మొదటిది లెన్సు. సన్నగా దూరం కొట్టేది కావాలన్నాను. చీకట్లో ఎక్కడో ఉన్న చెట్టును వెలిగించడం మొదటి వారం సరదాగానే ఉంటుంది. తరువాత నా టార్చి పని ఎక్కడంటే సింకు కింద, మంచం కింద, అలమర వెనుక, నడిచేటప్పుడు కాళ్ల ముందు. చేతికందే దూరంలో సన్నని వెలుగు నడిమధ్యన కళ్లు జిగేలుమనిపించి చుట్టూ చీకటి చేస్తుంది. రెండేళ్లు ఓర్చుకుని, పాలగాజులాంటి వెడల్పు లెన్సు తెప్పించి వేసుకున్నాను. చిన్న ప్లాస్టిక్ ముక్క, ఐదు నిమిషాల పని. తొందరలో గాజు చుట్టూ ఉండే రబ్బరు రింగు నలిగినట్టు చూసుకోలేదు, మొదటి వానకే లోపల ఆవిరి పట్టింది. అది పూర్తిగా నా తప్పు. ఆరబెట్టి, కొత్త రింగుకు సిలికాన్ గ్రీజు రాసి బిగించాక మళ్లీ చెమ్మ రాలేదు.

రెండో తప్పు డ్రైవరు. దీనికి మందు లేదు. బ్యాటరీ నుంచి ఎల్ఈడీకి ఎంత కరెంటు వెళ్లాలో నిర్ణయించే సర్క్యూటు అది. రెండు రకాలు చూపించారు. ఒకటి కరెంటును అదుపులో ఉంచి వెలుగును నిలకడగా ఇచ్చేది. రెండోది, గరిష్ఠ స్థాయిలో బ్యాటరీని దాదాపు నేరుగా ఎల్ఈడీలకు తగిలించేది. రెండోదానికి అంకె పెద్దది. పెట్టె మీది అంకెల గురించి ఇంత తెలిసినవాణ్ని, నేనూ అంకె చూసే పడ్డాను.

ఆ అంకె ఎంతసేపు నిలుస్తుందో అనుభవించాక కానీ తెలియలేదు. అరచేతిలో ఇమిడే టార్చి అంత వేడిని బయటికి పంపలేదు. నిమిషం గడవకముందే ఒళ్లు కాలుతుంది, లోపలి ఉష్ణోగ్రత కాపలా వెలుగును తగ్గించేస్తుంది, ఆపైన మిగిలేది కొన్ని వందల ల్యూమెన్లు. టార్చీల కొలతలకు ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ల్యూమెన్లను వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల మధ్య కొలవాలి. వెలిగించిన క్షణాన కొలిచిన అంకె చూపించేవాళ్లూ లేకపోలేదు. అదే ప్రమాణంలో ‘ఎన్ని గంటలు వెలుగుతుంది’ అన్నదానికి అర్థం, వెలుగు మొదటి స్థాయిలో పదో వంతుకు పడిపోయేదాకా అని. ఆ గంటల సంఖ్య చదివేటప్పుడు ఇది గుర్తుంటే చాలా అపోహలు తగ్గుతాయి.

ఇంకా ఉంది. నేను తీసుకున్న డ్రైవరు తక్కువ వెలుగు ఇచ్చేటప్పుడు ఎల్ఈడీని సెకనుకు చాలాసార్లు ఆర్పి వెలిగిస్తుంది. మామూలుగా తెలియదు కానీ తిరిగే ఫ్యాను రెక్కల మీద వేస్తే తునకలు తునకలుగా కనిపిస్తుంది, వీడియో తీస్తే చారలు పడతాయి. బ్యాటరీ దిగేకొద్దీ గరిష్ఠ వెలుగూ దిగుతుంది. పైగా ఒకసారి జేబులో దానంతటదే వెలిగి తొడ చురుక్కుమంది. ఆ తరువాత నుంచి జేబులో వేసే ముందు తోక మూతను పావు చుట్టు వదులు చేయడం అలవాటైంది. లోపల ఉన్నది ఆండురిల్ అనే సాఫ్ట్‌వేర్, నాలుగు నొక్కులతో తాళం పడుతుంది కూడా. అయినా నాకు తోక మూత మర మీదే నమ్మకం. డ్రైవరును మార్చాలంటే దాదాపు టార్చినే మార్చాలి, అందుకే ఐదేళ్లుగా దానితోనే కాపురం.

లోహం సంగతి రెండు మాటల్లో. టైటానియం మీద మోజు పడ్డాను, మిత్రుడు తీసుకున్నాడు కూడా. రాగి వేడిని మోసే శక్తి సుమారు 400 అనుకుంటే, టార్చీలకు వాడే అల్యూమినియం మిశ్రమానిది 170 దరిదాపుల్లో, టైటానియం మిశ్రమానిది 7. అతని టార్చి అందంగా ఉంటుంది, నాదానికంటే ముందే వెలుగు తగ్గించుకుంటుంది. నేను మామూలు అల్యూమినియంతో సరిపెట్టుకున్నాను, విచారం లేదు. బటన్ కింది చిన్న దీపం ఆడంబరమనుకుంటూనే పెట్టించుకున్నాను. కరెంటు పోయినప్పుడు టార్చి ఎక్కడుందో చెప్పేది అదే. పొట్టి గొట్టం కూడా తెప్పించాను, దానిలో పట్టే చిన్న 18350 బ్యాటరీ అట్టే కాలం రాదు. 18650 బ్యాటరీ పట్టే పొడుగు గొట్టం తీసి దీన్ని బిగించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరి తయారీదారులు ఇలా అడిగి కట్టివ్వాలా? ఔత్సాహికుల్లో చాలామంది అన్నీ ఎంచుకోనివ్వాలంటారు. నాకు అంత ఉత్సాహం లేదు. 6 ఎల్ఈడీలు, 5 రంగు ఉష్ణోగ్రతలు, 3 లెన్సులు, 2 డ్రైవర్లు, 4 పూతలు అనుకుంటే 720 రకాల టార్చీలు. ప్రతిదాన్నీ ఎవరో ఒకరు కాగితం చూస్తూ చేత్తో కట్టాలి. నాకు వచ్చిన తప్పు పలక అక్కడి నుంచే వచ్చింది. పైగా అన్నీ అన్నిటితో కలవవు. 3 వోల్టుల ఎల్ఈడీకి తయారుచేసిన డ్రైవరు 6 లేదా 12 వోల్టులదాన్ని నడపలేదు. కొనేవాడికి ఇవన్నీ తెలియాలనడం అన్యాయం. ఎల్ఈడీ, లెన్సు కోరుకోనివ్వండి. డ్రైవరు మాత్రం ఆ ఎల్ఈడీకి తగినది, నిలకడగా నడిచేది, మీరే వేయండి.

అసలు కొనేరోజున నాకేం కావాలో నాకే తెలియదు. లెన్సు విషయంలో తెలియడానికి రెండేళ్లు పట్టింది. అందుకే ఏడు ప్రశ్నల పత్రం కంటే విప్పదగిన తల, విడిగా దొరికే విడిభాగాలు నాకు ముఖ్యం. ష్యూర్‌ఫైర్ వారి పాత 6పీ టార్చి గుర్తుందా? రెండు సీఆర్123 బ్యాటరీలు, పీ60 అనే ఫిలమెంటు బల్బు గుళిక, 65 ల్యూమెన్లు. గుళిక ఊడి వచ్చేది కాబట్టి, ఎల్ఈడీలు వచ్చాక ఔత్సాహికులు అదే కొలతలో ఎల్ఈడీ గుళికలు చేసి అదే ఒంట్లో వేసుకున్నారు. ఇది కావాలా అది కావాలా అని ఎవరూ ముందుగా అడగలేదు, తలుపు తెరిచి ఉంది అంతే. 720 రకాలు కట్టలేని పెద్ద కంపెనీలు కూడా ఇంతమాత్రం చేయగలవు.

మొన్నటి సంగతి చెప్పి ఆపుతాను. బటన్ మీది రబ్బరు అరిగి పగుళ్లిచ్చింది. వానలో వాడాలంటే భయంగా ఉంది. అదొక్కటి పంపమని రాస్తే, విడిగా అమ్మడం లేదని జవాబు వచ్చింది, దానితోపాటే కొత్త నమూనా వివరాలు. ఇప్పుడు ప్రశ్నలు ఏడు కాదు, పదకొండు. తల జిగురుతో అతికించారు. రబ్బరు పగుళ్ల మీద సిలికాన్ పూసి ఆరబెట్టాను, ఆ పత్రం ఇంకా నింపలేదు.