డావించీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో ఎస్-లాగ్3 గ్రేడింగ్: ఎంతవరకు సరిపోతుంది, ఎక్కడ ఆగిపోతుంది

లాగ్ ఫుటేజ్‌కి (తర్వాత దిద్దుకోవడానికి వీలుగా కాంట్రాస్ట్ తగ్గించి తీసిన వీడియోకి; సోనీలో దాని పేరు ఎస్-లాగ్3) రంగులు దిద్దడం, అంటే గ్రేడింగ్, వరకే చూస్తే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో పెద్దగా కొరత లేదు. నోడ్లు (దిద్దుబాట్లు ఒక్కొక్కటిగా పెట్టుకునే గడులు), కర్వ్‌లు, క్వాలిఫయర్, పవర్ విండో, ట్రాకర్, స్కోప్‌లు (వెలుగునీ రంగునీ కొలిచి చూపే గ్రాఫ్‌లు), కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్ (ఒక రంగుల పద్ధతి నుంచి ఇంకోదానికి మార్చేది) అన్నీ ఉన్నాయి. డబ్బిచ్చి కొనే స్టూడియో వెర్షన్‌కే పరిమితమైన ఎఫెక్టులు వాడితే తప్ప వాటర్‌మార్క్ పడదు. 3840×2160లో సెకనుకు 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ అవుతుంది. 295 డాలర్లు పెట్టి స్టూడియో కొనాలా వద్దా అన్నది రంగుల దగ్గర తేలదు. మీ కెమెరా ఫైలు అసలు తెరుచుకుంటుందా, మీ ఫుటేజ్‌లో నాయిస్ (నీడల్లో కనిపించే గరుకు చుక్కలు) ఎంత ఉంది అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ముందు ఫైలు సంగతి. సోనీ ఎఫ్‌ఎక్స్30, ఎ7 మార్క్ 4 లాంటి కెమెరాల్లో ఎస్-లాగ్3ని 10-బిట్ 4:2:2లో (రంగుల సమాచారం ఎక్కువగా దాచుకునే పద్ధతిలో) తీస్తారు. విండోస్ ఫ్రీ వెర్షన్‌కి ఈ రకం హెచ్.264, హెచ్.265 (వీడియోని కుదించే పద్ధతులు) ఫైళ్లు మింగుడుపడవు. మాట వినిపిస్తుంది, బొమ్మ రాదు. లేదంటే ఎర్రగా మీడియా ఆఫ్‌లైన్ అని పడుతుంది. ఫైలు పాడైందని కంగారుపడి కార్డు రికవరీకి పరుగెత్తకండి, వీఎల్‌సీలో ఒకసారి ప్లే చేస్తే తెలిసిపోతుంది. లినక్స్ ఫ్రీ వెర్షన్‌లో అయితే మామూలు హెచ్.264 కూడా తెరుచుకోదు. ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌లలో ఈ బాధ లేదు.

డబ్బు పెట్టకుండా బయటపడే దారి ట్రాన్స్‌కోడ్, అంటే ఫైలుని వేరే ఫార్మాట్‌లోకి మార్చడం. షటర్ ఎన్‌కోడర్ ఉచితం. అందులో డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ (ఎడిటింగ్‌కి వాడే ఫార్మాట్) ఎంచుకుని ప్రొఫైల్ హెచ్‌క్యూఎక్స్ పెట్టండి. హెచ్‌క్యూ మాత్రం పెట్టకండి. అది 8-బిట్, 10-బిట్‌లో తీసిన ఫలితమంతా అక్కడే పోతుంది. 4కె 25 ఫ్రేముల్లో కెమెరా ఫైలు నిమిషానికి సుమారు 1 జీబీ ఉంటే హెచ్‌క్యూఎక్స్ 5 జీబీ దాటుతుంది. ఆరు గంటల పెళ్లి ఫుటేజ్ అంటే దాదాపు 2 టీబీ. నెలకి నాలుగు పెళ్లిళ్లు చేసేవాళ్లకి డిస్కుల ఖర్చే స్టూడియో ధరని మించిపోతుంది. మార్చిన ఫైలు మరీ తేలిపోయినట్టో, నలుపులు మూసుకుపోయినట్టో కనిపిస్తే క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో డేటా లెవెల్స్‌ని వీడియో, ఫుల్ రెండింటిలోనూ పెట్టి మూల ఫైలుతో పోల్చండి.

స్టూడియో కొన్నా మెషీన్ చూసుకోవాలి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులు 4:2:2ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయవు, 50 సిరీస్ చేస్తుంది. ఇంటెల్‌లో 11వ తరం నుంచి క్విక్ సింక్ (ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగంలో ఉండే వీడియో డీకోడర్) హెచ్.265 4:2:2ని మోస్తుంది. అందుకే ఎడిటింగ్ కోసం పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ కొనకూడదు, దాంట్లో ఆ గ్రాఫిక్స్ భాగమే ఉండదు.

ఇక గ్రేడింగ్. ఎస్-లాగ్3లో 18 శాతం బూడిద రంగు వేవ్‌ఫామ్ (వెలుగు కొలిచే స్కోప్) మీద 41 దగ్గర, 90 శాతం తెలుపు 61 దగ్గర కూర్చుంటాయి. ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుగు) ఎక్కువ ఎక్స్‌పోజ్ చేస్తే బూడిద 49 దగ్గరికి వస్తుంది. ముఖాలూ బట్టలూ ఎక్కువగా ఉండే ఆ 41-61 మధ్య భాగానికి 10-బిట్‌లో 178 మెట్లు దొరుకుతాయి, 8-బిట్‌లో 45 కూడా ఉండవు. పాత 8-బిట్ కెమెరాతో ఎస్-లాగ్3 తీస్తే గోడల మీద, ఆకాశంలో చారలు పడేది అందుకే. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

2020 చివర్లో బీటాగా వచ్చిన 17వ వెర్షన్ నుంచి రిజాల్వ్‌లో డావించీ వైడ్ గామట్ (విశాలమైన రంగుల పరిధి), దానితో ఇంటర్మీడియట్ గామా (వెలుగుని అంకెల్లోకి మార్చే లెక్క) ఉన్నాయి. పని అందులో చేయడమే మేలు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో కలర్ సైన్స్‌ని డావించీ వైఆర్‌జీబీగానే ఉంచి, టైమ్‌లైన్ కలర్ స్పేస్‌ని వైడ్ గామట్ ఇంటర్మీడియట్‌కి, అవుట్‌పుట్‌ని రెక్.709 (మామూలు టీవీ, మానిటర్ల రంగుల ప్రమాణం) గామా 2.4కి మార్చండి. మొదటి నోడ్‌లో కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్ వేసి ఇన్‌పుట్ కలర్ స్పేస్ ఎస్-గామట్3.సినీ, ఇన్‌పుట్ గామా ఎస్-లాగ్3, అవుట్‌పుట్ వైడ్ గామట్, ఇంటర్మీడియట్ అని పెట్టండి. టోన్ మ్యాపింగ్ (వెలుగుని తెర పరిధికి కుదించడం) ఇక్కడ నన్. చివరి నోడ్‌లో ఇంకొకటి: వైడ్ గామట్, ఇంటర్మీడియట్ నుంచి రెక్.709, గామా 2.4కి. టోన్ మ్యాపింగ్ డావించీ, గామట్ మ్యాపింగ్ శాచురేషన్ కంప్రెషన్. దిద్దుబాట్లన్నీ ఈ రెండింటి మధ్యే. కెమెరాలో సినీ కాకుండా ఉత్త ఎస్-గామట్3 పెట్టి తీశారేమో చూసుకోండి. తప్పు గామట్ ఇస్తే ఎక్స్‌పోజర్ సరిగ్గానే కనిపిస్తుంది గానీ ఎరుపులూ చర్మం ఛాయా పక్కదారి పడతాయి, కారణం పట్టుకోవడం కష్టం.

ఎక్స్‌పోజర్‌కి ముందు ఆఫ్‌సెట్ వాడండి. లాగ్ మీద అది లెన్స్ అపర్చర్ తిప్పినట్టు మొత్తం బొమ్మని సమంగా కదుపుతుంది, గెయిన్ అలా కాదు. తర్వాత కాంట్రాస్ట్. దాని పక్కనున్న పివట్ (కాంట్రాస్ట్ మార్చినా కదలకుండా ఉండే వెలుగు స్థాయి) మామూలుగా 0.435 దగ్గర ఉంటుంది. ఇంటర్మీడియట్‌లో మధ్య బూడిద ఉండేది 0.336 దగ్గర. పివట్‌ని 0.336కి దించకుండా కాంట్రాస్ట్ పెంచితే బొమ్మంతా చీకటిపడుతుంది, మళ్లీ ఆఫ్‌సెట్ పెంచాల్సి వస్తుంది. లాగ్ గ్రేడింగ్ అంతుచిక్కదని విసుక్కునే చాలామందికి అడ్డు పడుతున్నది ఈ ఒక్క అంకే.

చివరి ట్రాన్స్‌ఫామ్‌ని క్లిప్ నోడ్లలో కాకుండా టైమ్‌లైన్ నోడ్‌లో పెడితే పని తగ్గుతుందనిపిస్తుంది గానీ, టైటిళ్లూ లోగోలూ కూడా దాని గుండానే పోయి రంగు మారతాయి. కెమెరాకో గ్రూప్ చేసి, గ్రూప్ ప్రీ-క్లిప్‌లో మొదటిది, పోస్ట్-క్లిప్‌లో చివరిది పెట్టడం సుఖం. ఒకవైపు సోనీ, ఇంకోవైపు ఐఫోన్ యాపిల్ లాగ్ ఉన్నా ఇన్‌పుట్ ఒక్కటే మారుతుంది.

సోనీ ఇచ్చే రెక్.709 లట్‌లు (రంగులు మార్చే రెడీమేడ్ ఫైళ్లు) చెడ్డవేమీ కావు. వాటిని మొదటి నోడ్‌లో పెట్టి తర్వాత దిద్దడమే చెడ్డ అలవాటు. లట్ దాటాక కోసుకుపోయిన హైలైట్ వెనక్కి రాదు. పట్టుచీర జరీ లైటు కింద మెరిసే షాట్‌లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది: లట్ తర్వాత గెయిన్ తగ్గిస్తే జరీ తెల్లటి మచ్చలాగే ఉండి బూడిదగా మారుతుంది, లట్‌కి ముందు తగ్గిస్తే నేత కనిపిస్తుంది.

మన పెళ్లిళ్ల ఫుటేజ్‌లో రెండుచోట్ల ఆగి చూసుకోవాలి. రిసెప్షన్ స్టేజి మీద నీలం, మెజెంటా ఎల్‌ఈడీ లైట్లు పడిన ముఖాలు రెక్.709 అందుకోలేని రంగుల్లోకి వెళ్లి అట్టకట్టినట్టవుతాయి. శాచురేషన్ కంప్రెషన్‌తో చాలావరకు సర్దుకుంటుంది. మిగిలినదానికి చివరి ట్రాన్స్‌ఫామ్‌కి ముందు హ్యూ వర్సెస్ శాచురేషన్ కర్వ్‌లో నీలాన్ని కాస్త దించండి. సెన్సర్‌లోనే నీలం ఛానల్ నిండిపోయి ఉంటే మాత్రం చేయగలిగింది లేదు. ఇక మంగళస్నానాల క్లిప్‌లు. ఒంటినిండా పసుపు ఉన్నప్పుడు వెక్టర్‌స్కోప్‌లో (రంగులు చూపే స్కోప్‌లో) చుక్కలు స్కిన్ టోన్ గీతకి పసుపు వైపు వాలి ఉంటాయి, ఉండాలి కూడా. వాటిని గీత మీదికి తేవాలని టెంప్‌ని నీలం వైపు లాగితే పసుపు వెలిసిపోతుంది, వెనకున్నవాళ్ల తెల్ల చొక్కాలు నీలమెక్కుతాయి. బ్యాలెన్స్ ఆ చొక్కాలు చూసి చేయండి, ముఖాన్ని వదిలేయండి.

నాయిస్ దగ్గర ఫ్రీ వెర్షన్ చేతులెత్తేస్తుంది. టెంపోరల్ (పక్క ఫ్రేములతో పోల్చి తీసేది), స్పేషియల్ (ఒకే ఫ్రేములో తీసేది) నాయిస్ రిడక్షన్ రెండూ స్టూడియోలోనే ఉన్నాయి. నీట్ వీడియో ప్లగిన్ ఫ్రీలోనూ నడుస్తుంది కానీ అదీ కొనాల్సిందే. సగం బాధ కెమెరా దగ్గరే తప్పుతుంది: ఎఫ్‌ఎక్స్30కి బేస్ ఐఎస్ఓలు (నాయిస్ తక్కువగా వచ్చే సెట్టింగ్‌లు) 800, 2500. మసక మండపంలో 1600 దగ్గర ఆగే బదులు 2500కి వెళ్తే నీడలు శుభ్రంగా వస్తాయి. స్టూడియో ఉంటే నాయిస్ రిడక్షన్‌ని అన్నిటికన్నా ముందు నోడ్‌లో, టెంపోరల్ 2 ఫ్రేములతో మొదలుపెట్టండి. అక్షింతలు పడే షాట్‌లో గింజల వెనక తోక కనిపిస్తే థ్రెషోల్డ్ తగ్గించాలి.

మ్యాక్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు క్విక్‌టైమ్‌లో వెలిసినట్టు కనిపిస్తే గ్రేడ్ ముట్టుకోకండి. డెలివర్ పేజీలో గామా ట్యాగ్‌ని రెక్.709-ఎ చేసి మళ్లీ తీయండి.

స్టూడియోని ఒకసారి కొంటే నెలనెలా చందా కట్టనక్కర్లేదు, ఒక కీతో రెండు కంప్యూటర్లలో నడుస్తుంది. కొనేముందు మీ కెమెరాలో తక్కువ వెలుతురులో ఒక నిమిషం క్లిప్ తీసి ఫ్రీ వెర్షన్‌లో వేయండి. బొమ్మ వచ్చి, నీడల్లో నాయిస్ మీకు ఇబ్బందిగా లేకపోతే ఆ డబ్బుతో ముందు రంగులు సరిగ్గా చూపించే మానిటర్ కొనుక్కోండి.